సెకండ్ హ్యాండ్ లేత్, మిల్లింగ్ మెషిన్ కొనేటప్పుడు ఏమేం చూడాలి

నా మొదటి లేత్ (లోహపు కడ్డీని తిప్పుతూ కోసే మెషిన్) కొన్నప్పుడు నేను చూసింది రంగు. ఆకుపచ్చ ఎనామెల్ తళతళలాడుతోంది, హ్యాండిళ్లకు కొత్తగా పాలిష్ పెట్టారు, ఆరడుగుల బెడ్ (మెషిన్ భాగాలు జరిగే పొడవాటి ఇనుప పట్టాలు), స్విచ్ వేస్తే పెద్ద చప్పుడు లేకుండా తిరిగింది. అక్కడికక్కడే అడ్వాన్స్ ఇచ్చేశాను. నెల తిరక్కుండానే ఒక ప్యాకింగ్ మెషిన్లు చేసేవాళ్ల దగ్గర 120 పిన్నుల ఆర్డరొచ్చింది, 25 ఎంఎం డయా, 180 పొడవు, టాలరెన్స్ (సైజులో ఒప్పుకునే తేడా) 0.02 ఎంఎం. మొదటి పిన్ను తీసి మైక్రోమీటర్ పెడితే టెయిల్ స్టాక్ (జాబ్ రెండో చివరను ఆనించే భాగం) వైపు 24.99, చక్ (జాబ్‌ని పట్టి తిప్పే భాగం) వైపు 25.05. టూల్ మార్చాను, సెంటర్లు సరిచేశాను, టెయిల్ స్టాక్ పక్కకి జరిపాను. రెండు చివర్లూ కలిశాయనుకుంటే నడుమ తేడా వచ్చేది. చివరికి రెండు రాత్రులు కూర్చుని ఒక్కో పిన్నుకీ ఎమెరీ పేపర్ పట్టి సైజుకు తెచ్చాం. నాకు అమ్మినాయన అబద్ధమేమీ ఆడలేదు లెండి, నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఆ తర్వాత కొన్న ప్రతి మెషిన్‌కీ, వాళ్లకీ వీళ్లకీ చూసిపెట్టినవాటికీ నేను పాటించే పద్ధతి ఇది. మోటారు పోతే మోటారు దొరుకుతుంది, నట్టు అరిగితే గన్‌మెటల్‌తో కొత్తది చేయించుకోవచ్చు. బెడ్ అరిగినా, స్పిండిల్ (చక్‌ని తిప్పే ఇరుసు) పోయినా మాత్రం మెషిన్ ధర కంటే రిపేరు ఖర్చు ఎక్కువైపోతుంది. అందుకే నా సమయంలో ముప్పావు వంతు ఆ రెండింటి మీదే పెడతాను.

ముందు జాబ్ రాసుకోండి, మెషిన్ తర్వాత

మెషిన్ చూడ్డానికి బయల్దేరే ముందు ఒక కాగితం మీద మీ చేతిలో నిజంగా ఉన్న జాబులు, లేదా కచ్చితంగా వస్తాయనుకునేవి ఓ పది రాయండి. మెటీరియల్ ఏంటి, డయా ఎంత, పొడవెంత, అన్నిటికంటే టైట్ టాలరెన్స్ ఎంత, ఒక్కసారికి ఎన్ని పీసులు. బోరు మోటార్లకి గన్‌మెటల్ బుష్‌లు చేసేవాడికీ, జీడిమెట్ల ఫార్మా కంపెనీలకి ఎస్‌ఎస్ 316 (స్టెయిన్‌లెస్ స్టీలు) ఫిట్టింగులు చేసేవాడికీ ఒకే లేత్ సరిపోదు. 316 స్టీలుకి ఒక గుణం ఉంది, టూల్ కోయకుండా రుద్దుకుందంటే చాలు పైపొర గట్టిపడిపోతుంది, తర్వాతి కట్‌కి టూల్ పోతుంది. తేలిక మెషిన్ అయితే వణుకుతుంది, వణికితే రుద్దుతుంది. ఆ పని ఉంటే బరువైన మెషినే తీసుకోవాలి, బడ్జెట్ తక్కువైతే బెడ్ పొడవు తగ్గించుకోండి కానీ బరువు తగ్గించుకోకండి.

పీసుల సంఖ్య కూడా మెషిన్‌ని మార్చేస్తుంది. ఇరవై, ముప్పై పీసులైతే మామూలు సెంటర్ లేత్, మంచి టర్నర్ చాలు. రెండొందలు, మూడొందల ఇత్తడి నిపిల్స్ లాంటివి తరచూ వస్తుంటే క్యాప్‌స్టన్ లేత్ (చాలా టూల్స్ ఒకే తలలో ముందే బిగించి ఉంచేది) చూడండి. సీఎన్‌సీలు (కంప్యూటర్ ప్రోగ్రాంతో నడిచే మెషిన్లు) వచ్చాక వీటినెవరూ పట్టించుకోవట్లేదు, అందువల్ల దాదాపు తుక్కు ధరకే దొరుకుతున్నాయి, ఒకసారి సెట్ చేశాక కొత్త కుర్రాడు కూడా లాగేస్తాడు. ట్రాబ్ ఆటోమేటిక్ లేత్ చవగ్గా వచ్చిందని కొందరు తీసేసుకుంటారు, దానికి ప్రతి జాబుకీ క్యామ్‌లు (టూల్స్‌ని నడిపే బిళ్లలు) చేయించాలి, సెట్టింగ్‌కే పూట పడుతుంది, వేలల్లో పీసులుంటే తప్ప దాని జోలికి పోవద్దు. ఆకారం కాస్త క్లిష్టంగా ఉండి, యాభై నుంచి ఐదొందల వరకు మళ్లీ మళ్లీ వచ్చే జాబులైతే సెకండ్ హ్యాండ్ సీఎన్‌సీ గురించి ఆలోచించవచ్చు, దాని సంగతి కింద చెప్తాను.

లేత్ సైజు అడిగితే మనవాళ్లు "ఆరడుగులది", "నాలుగున్నరది" అని బెడ్ పొడవు చెప్తారు. అది చాలదు. సెంటర్ హైట్ (బెడ్ నుంచి స్పిండిల్ నడుమ వరకు ఎత్తు) అడగండి. హెచ్‌ఎంటీ ఎన్‌హెచ్ 22 అంటే సెంటర్ హైట్ 220 ఎంఎం, ఎన్‌హెచ్ 26 అంటే 260, ఎల్‌బీ 17 అంటే 170. 220 ఉంది కదా అని 440 డయా షాఫ్ట్ పడుతుందనుకోకండి, అది బెడ్ మీద లెక్క. క్రాస్ స్లైడ్ (టూల్‌ని అడ్డంగా జరిపే భాగం) మీద అంతకంటే చాలా తక్కువ తిరుగుతుంది, పొడవు జాబులకి అసలు లెక్క అదే. స్పిండిల్ బోర్ (లోపలి రంధ్రం) కూడా కొలవండి, రాడ్డు అందులోంచి దూరకపోతే ప్రతి పీసూ ముందే కట్ చేసుకోవాలి.

ఏ మేక్, ఎక్కడ వెతకాలి

హెచ్‌ఎంటీ 1953లో బెంగళూరులో మొదలైన కంపెనీ, వాళ్ల పాత లేత్‌లు, మిల్లింగ్ మెషిన్లు (తిరిగే కట్టర్‌తో జాబ్‌ని కోసేవి) ఇప్పటికీ బాలానగర్‌లో ఏ సందులోకెళ్లినా కనబడతాయి. హరిహర్‌లో చేసిన కిర్లోస్కర్ టర్న్‌మాస్టర్లు, కోయంబత్తూరు పీఎస్‌జీ లేత్‌లు, మిల్లింగ్‌లో బీఎఫ్‌డబ్ల్యూ, గ్రైండర్లలో మన సికింద్రాబాద్ ప్రాగా టూల్స్. కిర్లోస్కర్ లేత్ ఫ్యాక్టరీ మూతపడి ఏళ్లయినా ఆ మెషిన్లకి గిరాకీ తగ్గలేదు, ఎందుకంటే వాటి గేర్లు, హాఫ్ నట్లు చేసి అమ్మేవాళ్లు ఉన్నారు, వాటి మీద చెయ్యి తిరిగిన టర్నర్లూ ఉన్నారు. రాజ్‌కోట్, బటాలా లేత్‌లు తేలిక పనులకి, రిపేరు షాపులకి బాగానే పనికొస్తాయి, ఎస్‌ఎస్ మీద బరువు కట్‌లు పెడతానంటే మాత్రం ఆలోచించుకోండి. విదేశీ మెషిన్ ఎంత గొప్పదైనా దాని స్పేర్ ఎక్కడ దొరుకుతుందో అమ్మేవాడే చెప్పలేకపోతే వదిలేయండి.

డీలర్ల దగ్గరకి వెళ్లే ముందు ఇంకో రెండుచోట్ల అడగండి. ఒకటి, మూసేస్తున్న షాపులు: అక్కడ మెషిన్ ఇంకా కరెంటు మీద ఉంటుంది, దాని మీద పనిచేసినాయన పక్కనే ఉంటాడు. టీ తాగుతూ "అన్నా, దీని మీద నువ్వు చేయలేని జాబ్ ఏది?" అని అడిగి చూడండి, అరగంట డయల్ గేజ్ (సన్నటి కదలికని ముల్లుతో చూపేది) పెడితే తెలిసేది రెండు నిమిషాల్లో చెప్తాడు. రెండు, ఇంజనీరింగ్ కాలేజీల వర్క్‌షాపులు. రెండు రాష్ట్రాల్లోనూ మూతపడ్డ కాలేజీలు చాలానే ఉన్నాయి, వాటి లేత్‌లకి పిల్లలు చక్ కీ కొట్టిన దెబ్బలుంటాయి, టూల్ పోస్టు విరిగి ఉంటుంది, కానీ ఏడాదికి కొన్ని గంటలు తిరిగినవి కాబట్టి బెడ్ చాలావరకు కొత్తదానిలా ఉంటుంది. ఎక్కువ భాగం తేలిక రకమే, అది గుర్తుంచుకోండి. అక్కడే ఉండే బల్లమీది సీఎన్‌సీ ట్రైనర్లు పాఠానికే తప్ప ప్రొడక్షన్‌కి కాదు.

ప్రభుత్వ సంస్థల పాత మెషిన్లు ఎంఎస్‌టీసీ (కేంద్ర ప్రభుత్వ వేలం సంస్థ) ఈ-వేలంలో వస్తుంటాయి. అక్కడ రూలు ఒకటే: ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే. చూడ్డానికిచ్చిన రోజుల్లో తప్పకుండా వెళ్లి చూసి, ఎత్తుకెళ్లడానికి ఇచ్చే గడువు, క్రేన్ లోపలికి వెళ్లే దారి చూసుకున్నాకే పాట పాడండి. అక్కడ కరెంటు పెట్టి తిప్పి చూపించరు, కాబట్టి నేను తుక్కు ధరకి కొంచెం మించి ఎప్పుడూ పాడను.

మెషిన్ దగ్గర

వెళ్లేటప్పుడు సంచిలో ఇవి వేసుకోండి: మ్యాగ్నెట్ బేస్‌తో డయల్ గేజ్, మైక్రోమీటర్లు, టార్చి, చిన్న అయస్కాంతం, కిరసనాయిల్, పాత గుడ్డ, 40 ఎంఎం ఎంఎస్ (మైల్డ్ స్టీల్) రాడ్డు ముక్క ఓ 250 పొడవుది, మీరు స్వయంగా నూరుకున్న టూల్. వాళ్ల టూల్‌తో కట్ చేస్తే తప్పు మెషిన్‌దో టూల్‌దో తేలదు. ముందే ఫోన్‌లో "నేనొచ్చేదాకా ఆన్ చేయకండి" అని చెప్పండి. వెళ్లగానే హెడ్ స్టాక్ (స్పిండిల్, గేర్లు ఉండే పెట్టె) మీద చెయ్యి పెట్టి చూడండి, అప్పటికే వెచ్చగా ఉంటే చల్లగా ఉన్నప్పుడు అదేదో శబ్దం చేస్తుందన్నమాట, కాదేమో కూడా, కానీ అడగాల్సిందే.

ముందు బెడ్. కిరసనాయిల్ గుడ్డతో చక్ కిందినుంచి ఓ రెండడుగులు శుభ్రంగా తుడవండి. లేత్ మీద పని అంతా ఆ రెండడుగుల్లోనే జరుగుతుంది కాబట్టి అరుగుదల అక్కడే ఉంటుంది. హెడ్ స్టాక్‌ని ఆనుకుని కారేజ్ (టూల్‌ని మోసుకుని బెడ్ మీద జరిగే భాగం) ఎప్పుడూ చేరని చిన్న చోటు ఒకటి ఉంటుంది, అది ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఎంత ఎత్తుందో ఇప్పుడూ అంతే. అక్కణ్నుంచి కారేజ్ తిరిగే చోటుకి గోరు పెట్టి మెల్లగా లాగండి. గోరు టక్కున కిందికి దిగితే ఎంత అరిగిందో మీ వేలికే తెలుస్తుంది, దానికి గేజ్ అక్కర్లేదు.

గోటికి తెలియని అరుగుదలకి ఇంకో ఉపాయం ఉంది. కారేజ్‌ని చక్ దగ్గరికి తెచ్చి, లాక్ బోల్టుని కారేజ్ కాస్త బరువుగా కదిలేంతవరకే బిగించండి. ఇప్పుడు చక్రం తిప్పుతూ టెయిల్ స్టాక్ వైపు తీసుకెళ్లండి. చివరిదాకా అదే బరువుతో వెళ్తే మంచిది. నడుమ దాటాక బిగుసుకుపోయి కదలనంటే, చక్ దగ్గర బెడ్ పలచబడింది, చివర్లో పలచబడలేదు. నేను ముందు చెప్పిన ఆకుపచ్చ లేత్ మూడోవంతు దూరం కూడా వెళ్లేది కాదు, ఈ ముక్క నాకు కొన్న ఏడాదికి తెలిసింది.

బెడ్ మీద ఒకే తీరుగా మెరిసే కొత్త గీతలు కనబడితే గ్రైండింగ్ చేయించారేమో అడగండి. చేయిస్తే మంచిదే, కానీ బెడ్ గ్రైండ్ అయ్యాక కారేజ్ కిందికి దిగుతుంది, దాన్ని మళ్లీ పైకి లేపి స్క్రేపింగ్ (చేత్తో గీకి సరిచేయడం) చేయకపోతే లీడ్ స్క్రూ, ఫీడ్ రాడ్ (కారేజ్‌ని నడిపే పొడవాటి కడ్డీలు) ఒక లైన్‌లో ఉండవు. "కారేజ్ కింద ఏం వేశారు?" అని అడగండి. జవాబు తడబడితే ధర తగ్గించండి, లేదా బయల్దేరండి.

తర్వాత స్పిండిల్. చక్ ఊడదీయించండి. "ఎందుకు సార్, తిరుగుతోంది కదా" అంటారు, అయినా ఊడదీయించండి. డయల్‌ని స్పిండిల్ లోపలి టేపర్ (సన్నబడుతూ పోయే రంధ్రం) మీద ఆనించి చేత్తో మెల్లగా తిప్పితే ముల్లు 0.01 లోపు ఆడాలి. చక్‌లో పట్టిన రాడ్డు మీద చూస్తే తప్పు చక్‌ది కూడా కావచ్చు, చక్ మార్చుకోగలం, స్పిండిల్ మార్చుకోలేం. ఇప్పుడు డయల్‌ని స్పిండిల్ ముక్కు పైన పెట్టి, బోర్‌లోకి కర్ర దూర్చి పైకి ఎత్తండి. ముల్లు 0.02 దాటి కదిలిందంటే బేరింగ్ వదులై ఉంది, లేదా అరిగి ఉంది. వదులైతే బిగించవచ్చు, వాళ్లనే బిగించి చూపించమనండి. బిగించాక పావుగంట తిప్పితే హెడ్ స్టాక్ మీద చెయ్యి పెట్టలేనంత కాలితే ఆ బేరింగులు పోయినట్టే. ఆ సైజు ప్రెసిషన్ బేరింగుల సెట్ ధర కొనేముందే షాపులో కనుక్కోండి, కళ్లు తిరుగుతాయి.

గేర్ బాక్సు మూత తీయించి టార్చి వేయండి. పళ్ల అంచులు విరిగాయా, నూనె అడుగున మెరుపు ఉందా చూడండి, అయస్కాంతం ముంచి తీస్తే పొడి అంటుకుంటుంది. కాస్త పొడి మామూలే, ముక్కలు మామూలు కాదు. నూనె మరీ చిక్కగా తేనెలా ఉంటే శబ్దం దాచడానికి పోశారని నేను అనుమానిస్తాను. ప్రతి స్పీడూ, ప్రతి ఫీడూ ఒక్కొక్కటిగా వేసి తిప్పండి, ఒక్కటి కూడా వదలొద్దు, ఎందుకంటే వాళ్లు వేసి చూపించని స్పీడే పని చేయని స్పీడు.

క్రాస్ స్లైడ్ ప్లే (వదులు) పావు చుట్టు వరకు ఉన్నా కంగారు పడకండి, నట్టు మారిస్తే పోతుంది. లీడ్ స్క్రూ మాత్రం చక్ దగ్గరి భాగం ఒకటి, చివరి భాగం ఒకటి పక్కపక్కన పోల్చండి, దారాలు (మరలు) చక్ దగ్గర సన్నగా కత్తిలా ఉంటే మీరు కోసే పొడవాటి త్రెడ్లలో పిచ్ (మరల మధ్య దూరం) తేడా వస్తుంది. పాత మెషిన్ల లీడ్ స్క్రూ ఇంచీలది కావచ్చు. అలాంటప్పుడు 127 పళ్ల గేర్ ఉందా అని అడగండి. 25.4ని ఐదుతో గుణిస్తే 127, ఆ గేర్ ఉంటేనే మెట్రిక్ దారం కచ్చితంగా పడుతుంది. చేంజ్ గేర్ల డబ్బా పోయిన లేత్‌లు బోలెడు, గేర్లు లెక్కపెట్టుకోండి.

ఇక అసలు పరీక్ష. మీ రాడ్డుని చక్‌లో పట్టి 150 ఎంఎం బయటికి ఉంచండి, సెంటర్ ఆనించొద్దు. నడుమ కాస్త తగ్గించి రెండు చివర్లా రెండు పట్టీలు వదలండి. టూల్‌ని కదపకుండా, ఒకే సెట్టింగ్‌లో రెండు పట్టీల మీదా సన్నటి ఫినిషింగ్ కట్ వేసి రెండింటినీ కొలవండి. తేడా 0.02 లోపుంటే చిన్న బ్యాచ్ పనులకి నేను కళ్లు మూసుకుని తీసుకుంటాను. ఎక్కువొస్తే వెంటనే వద్దనకండి, మెషిన్ కింద షిమ్‌లు (సన్నటి రేకు ముక్కలు) లేకుండా ఊరికే నేల మీద పెట్టి ఉంటే బెడ్ మెలి తిరిగి కూడా అలా వస్తుంది, లెవల్ చేస్తే పోతుంది. కారేజ్ లాక్ పరీక్ష పాసై ఇది ఫెయిలైతే నేను లెవల్ చేయించి మళ్లీ చూస్తాను. రెండూ ఫెయిలైతే టీకి థ్యాంక్స్ చెప్పి వచ్చేస్తాను.

మిల్లింగ్‌కీ ఇదే సూత్రం, చోటు మారుతుందంతే. అక్కడ టేబుల్ (జాబ్ బిగించే బల్ల) నడుమ అరుగుతుంది, కాబట్టి నడుమ బిగించి చివర్లకి తీసుకెళ్లి చూడాలి. స్పిండిల్ టేపర్ ఐఎస్‌ఓ 40 (ఒక ప్రామాణిక సైజు) అయితే టూల్ హోల్డర్లు ఎక్కడైనా దొరుకుతాయి. టేబుల్ మీద డ్రిల్ గుంతలుంటే చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది తప్ప పనికి పెద్ద నష్టం లేదు, బేరానికి మాత్రం బాగా పనికొస్తుంది. డ్రిల్లింగ్ మెషిన్, హ్యాక్‌సా విషయంలో అంత టెన్షన్ పడక్కర్లేదు, తిరుగుతోందా, స్పిండిల్ ఊగుతోందా చూసి తీసుకోండి.

సీఎన్‌సీ అయితే

ఇక్కడ ఇనుము కంటే ఎలక్ట్రానిక్స్ భయం. ఏళ్ల తరబడి ఆపేసి ఉంచిన మెషిన్‌లో బ్యాటరీ అయిపోతే పారామీటర్లు (మెషిన్ సెట్టింగులు) ఎగిరిపోతాయి, కాబట్టి ఆన్ అయి, హోమ్‌కి (మొదలు స్థానానికి) వెళ్లి, టరెట్ (టూల్స్ పట్టి తిరిగే తల) అన్ని స్టేషన్లూ తిరిగి, ఒక ప్రోగ్రాం నడిచాకే డబ్బు మాట. పారామీటర్ల బ్యాకప్ కార్డులోనో పెన్‌డ్రైవ్‌లోనో ఇచ్చేదాకా మెషిన్ ఎత్తకండి. డయల్ పెట్టి రెండు యాక్సిస్‌ల బ్యాక్‌లాష్ (దిశ మార్చినప్పుడు వచ్చే వదులు) చూడండి, ఫానుక్ కంపెనీ కంట్రోల్ అయితే పారామీటర్ 1851 కూడా తీసి చూడండి. బాల్ స్క్రూ అరిగితే అక్కడ పెద్ద నంబరు పెట్టి కప్పిపెడతారు, డయల్ మీద అంతా బాగున్నట్టే కనబడుతుంది. డీసీ సర్వో మోటార్లున్న మరీ పాత కంట్రోళ్లు ఎంత చవకైనా నేను తీసుకోను, ఒక కార్డు పోతే వెతుక్కుంటూ నెలలు గడుస్తాయి, అప్పటికి ఆర్డరిచ్చినవాడు మన ఫోన్ ఎత్తడు.

ధర, కాగితాలు

బేరానికి కూర్చునే ముందు కనీస ధర ఒకటి లెక్కేసుకోండి. ఆ రోజు బీడు (పోత ఇనుము) తుక్కు కిలో ఎంతుందో స్క్రాప్ వాళ్లని అడిగి మెషిన్ బరువుతో గుణించండి. కిలో 35 అనుకుంటే రెండు టన్నుల లేత్ 70 వేలు, అంతకంటే తక్కువకి ఎవడూ ఇవ్వడు. దానిపైన మీరిచ్చే ప్రతి రూపాయీ బెడ్‌కి, స్పిండిల్‌కి, సామానుకి ఇస్తున్నట్టు. సామాను అంటే ట్రూ చక్ (మూడు దవడలది), డాగ్ చక్ (నాలుగు దవడలది), ఫేస్ ప్లేట్, స్టడీ (పొడవు జాబుకి ఆసరా), చేంజ్ గేర్లు, టూల్ పోస్టు. ఇవి విడిగా కొనబోతే తడిసి మోపెడవుతుంది, అందుకే అడ్వాన్స్ రోజే అన్నీ ఒక చోట పేర్చి ఫోటో తీసుకోండి, లోడింగ్ రోజుకి డాగ్ చక్ మాయమవడం నేను కళ్లారా చూశాను. చేతిలో వంద రూపాయలుంటే మెషిన్ మీద అరవైకి మించి పెట్టను, మిగతా నలభై రవాణాకి, వైరింగ్‌కి, టూల్స్‌కి, మొదటి రిపేరుకి.

జీఎస్‌టీ బిల్లు అడగండి. మీకు రిజిస్ట్రేషన్ ఉంటే కట్టిన పన్నుకి క్రెడిట్ దక్కుతుంది, పైగా విలువ 50 వేలు దాటిన సరుకు దారిలో ఈ-వే బిల్లు లేకుండా పట్టుబడితే చవగ్గా కొన్నదంతా అక్కడే పోతుంది. లేత్‌లకి హెచ్‌ఎస్‌ఎన్ (సరుకు కోడ్) 8458, మిల్లింగ్, డ్రిల్లింగ్‌కి 8459. బిల్లు మీద మెషిన్ సీరియల్ నంబరు రాయించుకోండి.

ఇంటికి తెచ్చాక

కరెంటు సంగతి కొనకముందే తేల్చుకోవాల్సింది, కానీ చాలామంది తెచ్చాకే ఆలోచిస్తారు. షెడ్డులో సింగిల్ ఫేజే ఉంటే మూడు హెచ్‌పీ వరకు వీఎఫ్‌డీ (సింగిల్ ఫేజ్ నుంచి త్రీ ఫేజ్ ఇచ్చే డ్రైవ్) పెట్టి నడుపుకోవచ్చు. అంతకు మించితే త్రీ ఫేజ్ ఇండస్ట్రియల్ కనెక్షన్‌కి అప్లై చేసుకోవడమే మంచిది. రెండు స్పీడుల మోటారుంటే వీఎఫ్‌డీతో తిప్పలు పడతారు, మోటారు ప్లేటు ఫోటో తీసి ఎలక్ట్రీషియన్‌కి చూపించాకే ఖాయం చేయండి.

హైడ్రా క్రేన్‌తో ఎత్తేటప్పుడు బెల్టు బెడ్ కింద నుంచి వేయించండి, లీడ్ స్క్రూ, ఫీడ్ రాడ్ మీద బెల్టు పడితే అవి వంగిపోతాయి, అప్పుడిక చేసిన పరీక్షలన్నీ వృథా. హెడ్ స్టాక్ వైపు బరువెక్కువ కాబట్టి కారేజ్, టెయిల్ స్టాక్ రెండూ వెనక్కి జరిపి లాక్ చేయించండి. డీసీఎంలోకి దించాక కదలకుండా చెక్క దిమ్మెలు కొట్టించి, బెడ్‌కి గ్రీజు పూసి టార్పాలిన్ కప్పండి.

మెషిన్ పెట్టే చోట వేసిన కాంక్రీటు ఆరాక మెషిన్‌ని దింపి, మీటరుకి 0.02 ఎంఎం చూపించే లెవల్ (మట్టం చూసే పరికరం) ఎవరి దగ్గరైనా అరువు తెచ్చుకుని బెడ్‌ని రెండు చివర్లా అడ్డంగా చూసి షిమ్‌లు సర్దండి. వారం పాటు ఏ అర్జెంటూ లేని పని చేయండి. ఆ వారంలో మెషిన్ కొంచెం కూర్చుంటుంది, మళ్లీ లెవల్ చూసి, ఆ రెండు పట్టీల కట్ మళ్లీ వేసి, వచ్చిన అంకె హెడ్ స్టాక్ లోపలి మూత మీద పెయింట్ పెన్నుతో తేదీ సహా రాసి పెట్టండి. మా షెడ్డులో ఇప్పుడున్న లేత్ మూత మీద అలాంటివి పదకొండు అంకెలున్నాయి, మొదటిది 0.015, మొన్న రాసింది 0.02.